ముప్పై ఒకటో తేదీ ఎక్కడికి పోయింది?

(లెక్కల మామయ్య పుట)

పిల్లలూ, ఈ నెల మీకు ఒక దొంగతనం కథ చెబుతాను. పోయినది బంగారమూ కాదు, వెండీ కాదు. పోయింది ఒక రోజు! ఆ రోజుతోపాటు పన్నెండుమంది పిల్లల పేర్లు కూడా పోయాయి.

మా మేనకోడలికి పదేళ్లు. కథలు రాయటమంటే దానికి ఎక్కడలేని సరదా. వాళ్ల ఊరి గ్రంథాలయం వాళ్లు 2024 జనవరిలో పిల్లలకు కథల పోటీ పెట్టారు. జనవరి 1 నుంచి 31వ తేదీ దాకా కథలు తీసుకుంటామని గోడ మీద కాగితం అంటించారు. మా పిల్ల నెలంతా రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. చివరకు 31వ తేదీ బుధవారం సాయంత్రం, బడి విడిచిపెట్టాక, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి కథ ఇచ్చి వచ్చింది. అక్కడి గుమాస్తా దాని పేరు కంప్యూటరులో ఎక్కించి రసీదు కూడా ఇచ్చాడు.

ఫిబ్రవరి 10న పోటీకి వచ్చినవాళ్ల పేర్లు గోడకు అంటించారు. అందులో దీని పేరు లేదు. వెళ్లి అడిగితే, "గడువు దాటాక ఇచ్చి ఉంటావమ్మా. కంప్యూటరు తప్పు చెప్పదు గదా," అన్నారుట.

మర్నాడు నేను వాళ్ల ఇంటికి వెళ్లేసరికి అది మూలన కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ అన్నం ముట్టలేదని మా అమ్మ చెప్పింది.

"మామయ్యా, నేను అబద్ధమాడటంలేదు. 31వ తేదీనే ఇచ్చాను," అంటూ అది రసీదు తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద ఇట్లా అచ్చయి ఉంది: 2024-01-31, 16:05:00.

ఆ రసీదు చూడగానే దొంగ ఎక్కడ దాగి ఉన్నాడో నాకు అనుమానం తగిలింది. మీరు కూడా ఒకసారి ఆ అంకెలకేసి చూడండి. మొదట సంవత్సరం, తరవాత నెల, ఆ తరవాత తేదీ, చివర గంటలూ, నిమిషాలూ, సెకనులూ ఉన్నాయి.

"తేదీని తిరగేసి రాశారేం, మామయ్యా?" అన్నాడు మా మేనల్లుడు.

"తిరగెయ్యటం కాదురా, అదే తిన్నని పద్ధతి. 3/4 అని రాస్తే మనం ఏప్రిల్ 3 అనుకుంటాం. అమెరికావాళ్లు మార్చి 4 అనుకుంటారు. ఈ తగువు లేకుండా ఉండాలని 1988లో ప్రపంచ దేశాల ప్రమాణాల సంస్థవారు, పెద్దదానినుంచి చిన్నదానికి రావాలని ఒక నియమం పెట్టారు. అట్లా రాస్తే మరొక లాభం కూడా ఉంది. నిఘంటువులో మాటలు పేర్చినట్టు ఈ తేదీలను పేర్చితే చాలు, ముందు వచ్చిన రోజు ముందూ, వెనక వచ్చిన రోజు వెనకా వాటంతట అవే కుదురుకుంటాయి," అన్నాను.

సోమవారం సాయంత్రం ముగ్గురం కలిసి గ్రంథాలయానికి వెళ్లాం. అక్కడి కంప్యూటరుకు ప్రోగ్రాము రాసిన కుర్రవాడు అదృష్టంకొద్దీ ఆ పూట అక్కడే ఉన్నాడు. మంచివాడు. రసీదు చూసి అతను కూడా ఆశ్చర్యపోయాడు.

"పేర్లు తీసేటప్పుడు మీరు కంప్యూటరును ఏమని అడిగారు, బాబూ?" అన్నాను.

"జనవరి 1కీ, జనవరి 31కీ మధ్య వచ్చిన కథలన్నీ చూపమని అడిగాను, మాస్టారూ. రెండు చివరలనూ కలుపుకునే లెక్క తీస్తుంది. 31వ తేదీ అందులోకి రావాలి," అన్నాడతను.

"వస్తుంది. కాని 31వ తేదీ అంటే ఎప్పుడు? పొద్దున్నా, మధ్యాహ్నమా, రాత్రా?"

అతను ఒక్క క్షణం ఆలోచించి, చప్పున నాలిక కరుచుకున్నాడు.

పిల్లలూ, సంగతి ఏమిటంటే, ఆ కంప్యూటరు ప్రతి కథకూ ఎదురుగా తేదీని మాత్రమేగాక గంటలూ నిమిషాలూ కూడా రాసి ఉంచింది. అటువంటి చోట మనం గంటలు చెప్పకుండా ఉత్త తేదీ చెబితే, అది తనంతట తాను "సున్నా గంటలు, సున్నా నిమిషాలు, సున్నా సెకనులు" అని చేర్చుకుంటుంది. సున్నా గంటలంటే అర్ధరాత్రి. 30వ తేదీ ముగిసి 31వ తేదీ మొదలయే క్షణం. కనక "31 దాకా" అన్నప్పుడు కంప్యూటరు 31వ తేదీ గడప మీద కాలు పెట్టి, లోపలికి పోకుండా అక్కడే ఆగిపోయింది! ఆ రోజు అర్ధరాత్రి సరిగ్గా సున్నా గంటలకు ఎవరైనా కథ ఇచ్చి ఉంటే వాళ్ల పేరు వచ్చేది. పగలు వచ్చినవాళ్ల పేరు ఒక్కటీ రాలేదు.

"అయితే 31వ తేదీ రాత్రి 23 గంటల 59 నిమిషాల 59 సెకనుల దాకా అని అడిగితే సరిపోదా?" అన్నాడు పక్కనే ఉన్న గుమాస్తా.

చాలావరకు సరిపోతుంది. కాని కొన్ని చోట్ల కంప్యూటరు సెకనులో భాగాలు కూడా రాసిపెడుతుంది. 59వ సెకను దాటి, అరసెకనుకు వచ్చినవాడు మళ్లీ జారిపోతాడు. అదిగాక ఏ నెలకు 30 రోజులో, ఏ నెలకు 31 రోజులో ప్రతిసారీ గుర్తుంచుకోవాలి. ఇంతకంటె సులువైన మాట ఒకటుంది: "జనవరి 1 మొదలుకొని, ఫిబ్రవరి 1 రాకముందు వరకు." ఇందులో జనవరికి ఎన్ని రోజులనే ప్రశ్నే లేదు. ముందు గడప మనది, వెనక గడప పక్కింటివాళ్లది! ఏ క్షణమూ రెండిళ్లకూ చెందదు, ఏ క్షణమూ వీధిలో పడదు.

ఆ కుర్రవాడు అట్లాగే మార్చి రాశాడు. తెర మీద కొత్తగా పన్నెండు పేర్లు వచ్చాయి. అందులో ఏడో పేరు మా పిల్లది. దాని మొహం చూడాలి మీరు!

"మాస్టారూ, తక్కిన పదకొండుమందిలో ఒక్కరు కూడా వచ్చి అడగలేదు. తామే ఆలస్యంగా ఇచ్చామనుకుని ఊరుకున్నారు కాబోలు," అన్నాడు గుమాస్తా మెల్లిగా. ఆ సాయంత్రమే అతను కొత్త జాబితా అచ్చువేసి గోడకు అంటించాడు.

ఇంటికి వచ్చి ఇదంతా చెబితే మా అమ్మ నవ్వింది. "పంచాంగంలో క్షయతిథి అని ఉంటుంది. సూర్యోదయం చూడకుండానే ఆ తిథి వచ్చి వెళ్లిపోతుంది. మీ కంప్యూటరుకు కూడా క్షయతిథులు ఉన్నాయన్నమాట," అన్నది.

అమ్మ వేళాకోళంగానే అన్నా, నిజంగానే తేదీలు మాయమైన సందర్భం ఒకటి ఉంది. 1582లో రోము నగరంలో అక్టోబరు 4 గురువారం. మర్నాడు శుక్రవారం, తేదీ మాత్రం అక్టోబరు 15! అంతకు ముందు వాడుతున్న కాలెండరులో నాలుగేళ్లకొకసారి తప్పకుండా ఫిబ్రవరి 29 వచ్చేది. సూర్యుడి లెక్కకు అది కొంచెం ఎక్కువ. ఆ ఎక్కువ శతాబ్దాల తరబడి పోగుపడింది. అందుకని పోపు పదమూడో గ్రెగరీ పది తేదీలు తీసేయించి కొత్త నియమం పెట్టించాడు. దాని ప్రకారం, 4 చేత భాగించబడే సంవత్సరానికి 366 రోజులు. కాని 100 చేత భాగించబడితే 365 రోజులే. 400 చేత కూడా భాగించబడితే మళ్లీ 366. అందువల్ల 1900లో ఫిబ్రవరి 29 లేదు, 2000లో ఉంది.

ఈ నియమం కంప్యూటరుకు సరిగా నేర్పకపోతే అది లేని తేదీలను కూడా పుట్టిస్తుంది. 1980లలో లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము 1900కు కూడా ఫిబ్రవరి 29 ఉన్నట్టు లెక్క కట్టింది. తరవాత వచ్చిన ఎక్సెల్ అనే ప్రోగ్రాము, పాత లెక్కలు చెడిపోకుండా ఉండాలని, తెలిసి తెలిసీ ఆ తప్పును అట్లాగే ఉంచింది. మీ బళ్లో ఎక్సెల్ ఉన్న కంప్యూటరు ఉంటే ఒక గడిలో 60 అని వేసి, దాన్ని తేదీగా చూపమనండి. ఎవరూ చూడని 1900 ఫిబ్రవరి 29వ తేదీని మీరు చూస్తారు!

60 అనే అంకె తేదీ ఎట్లా అయిందంటారా? కంప్యూటరుకు నెలలూ, వారాలూ కష్టం. వరసగా లెక్కపెట్టటం తేలిక. కనక ఒక మొదటి రోజు పెట్టుకుని, అక్కడినుంచి ఎన్ని రోజులయిందో, ఎన్ని సెకనులయిందో మాత్రం లెక్కిస్తుంది. మనం చూసేటప్పుడు దాన్ని తేదీగా మార్చి చూపిస్తుంది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1వ తేదీ మొదటి క్షణంనుంచి సెకనులు లెక్కపెడతాయి. రోజుకు 86,400 సెకనులు. 2000 జనవరి 1 వచ్చేసరికి వాటి లెక్క 94,66,84,800కు చేరింది.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. మన జ్యోతిషశాస్త్రవేత్తలు కలియుగం మొదలైన రోజునుంచి గడిచిన రోజులన్నిటినీ లెక్కకట్టి దానికి అహర్గణం అని పేరు పెట్టారు. అహస్సు అంటే రోజు. గణం అంటే గుంపు. గ్రహం ఎక్కడ ఉన్నదో తెలియాలంటే ముందు అహర్గణం కావాలి. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో 157,79,17,500 రోజులుంటాయని ఆర్యభటుడు లెక్క చెప్పాడు. ఆ రెండో అంకెను మొదటి దానితో భాగించి చూడండి, సంవత్సరానికి ఎన్ని రోజులు వస్తాయో! ఖగోళ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఇట్లాగే, క్రీస్తు పూర్వం 4713 జనవరి 1వ తేదీ మధ్యాహ్నంనుంచి రోజులు లెక్కిస్తున్నారు.

ఇక రెండో తగువు వినండి. ఇది మా మేనల్లుడిది.

జనవరి 31న అక్క కథ ఇస్తూండగా వాడు ఒక పుస్తకం తీసుకున్నాడు. "ఒక నెల గడువు" అని నియమం. గ్రంథాలయంవారి వెబ్ పేజీలో వాడి పేరుకు ఎదురుగా "మార్చి 2 లోపల ఇవ్వాలి" అని కనిపించింది. వాడు ఒక రోజు ముందుగానే, మార్చి 1న పుస్తకం తీసుకువెళ్లాడు. అక్కడి కంప్యూటరు, "గడువు ఫిబ్రవరి 29. ఒక రోజు ఆలస్యం. జరిమానా ఒక రూపాయి" అన్నది! వాడు రూపాయి ఇచ్చి, ఇంటికి వచ్చి నామీద ఎగిరాడు.

"మామయ్యా, ఈసారి కూడా గడపేనా?"

"కాదురా. ఈసారి దోషం 'నెల' అనే మాటది," అన్నాను.

జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 31 రావాలి. అటువంటి తేదీ లేదు. అప్పుడేం చెయ్యాలి? సమాచారాన్ని దాచే మై ఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రాము వెనక్కు తగ్గి ఆ నెల చివరి రోజును చెబుతుంది; 2024లో అది ఫిబ్రవరి 29. వెబ్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ అనే భాష ముందుకు పొర్లుతుంది. ఫిబ్రవరి 29 అయిపోయినాక ఇంకా రెండు రోజులు మిగిలాయి కనక, మార్చి 2 అంటుంది. రెండూ తమ తమ నియమం ప్రకారం సరిగానే చెప్పాయి. మనకు కనిపించే పేజీ ఒక భాషలోనూ, జరిమానా వేసే లెక్క ఇంకొక దానిలోనూ ఉండటం వల్ల మధ్యన మావాడి రూపాయి పోయింది!

నెలలు కలపటంలో మరో చిక్కు కూడా ఉన్నది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 29 వచ్చిందనుకోండి. దానికి ఇంకొక నెల కలిపితే మార్చి 29 వస్తుంది. కాని జనవరి 31కి ఒక్కసారే రెండు నెలలు కలిపితే మార్చి 31 వస్తుంది. అంటే ఒకటీ ఒకటీ వేరువేరుగా కలిపితే ఒక జవాబూ, రెండూ ఒకేసారి కలిపితే మరొక జవాబూనా? అందుకే నెలనెలా కట్టే చీటీ వాయిదాల వంటివాటికి, కిందటి వాయిదానుంచి కాక, మొట్టమొదటి తేదీనుంచే ప్రతిసారీ లెక్క కట్టాలి.

జావాస్క్రిప్టు అనే మరో భాషలో ఒక తమాషా ఉంది. దానికి జనవరి 0వ నెల, ఫిబ్రవరి 1వ నెల, డిసెంబరు 11వ నెల. ఇది తెలియక 1 అని రాసినవాడి జనవరి కాస్తా ఫిబ్రవరి అయికూచుంటుంది. కాని అదే భాషలో మంచి ఉపాయం కూడా ఉంది. "మార్చి 0వ తేదీ" ఏమిటని అడిగితే, మార్చి 1కి ముందు రోజును, అంటే ఫిబ్రవరి చివరి రోజును చెబుతుంది. ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులో 29 రోజులో మనం వేళ్లు ముడవనక్కరలేదు.

మా మాట విని ఆ ప్రోగ్రాము కుర్రవాడు రెండు పనులు చేశాడు. గడువును ఒకే ఒక చోట లెక్కకట్టి, అందరికీ అదే చూపించేటట్టు మార్చాడు. "ఒక నెల" అనే నియమం తీసేసి "30 రోజులు" అని పెట్టించాడు. జనవరి 31కి 30 రోజులు కలిపితే 2024లో సరిగ్గా మార్చి 1 వస్తుంది. అదే మావాడు పుస్తకం తెచ్చిన రోజు! గుమాస్తా వాడి రూపాయి వాడికి తిరిగి ఇచ్చేశాడు.

మూడో తమాషా సముద్రాల అవతల జరిగింది. పిల్లల పెదనాన్న కొడుకు అమెరికాలో, డాలస్ నగరంలో ఉన్నాడు. అతను గ్రంథాలయం వెబ్ పేజీ తెరిచి చూస్తే, పోటీ గడువు జనవరి 30 అని కనిపించిందట! "నీ తేదీ నిజంగానే దాటింది గదే," అని ఫోనులో చెల్లెల్ని ఏడిపించాడు.

ఇందులో తప్పేమిటో చూడండి. ఆ పేజీలో గడువు తేదీకి గంటలు లేవు. అటువంటి తేదీని జావాస్క్రిప్టు ప్రపంచ ప్రమాణ కాలం ప్రకారం అర్ధరాత్రి అనుకుంటుంది. ఆ కాలానికి మన గడియారం అయిదున్నర గంటలు ముందు. అందువల్ల మనకు 31వ తేదీ పొద్దున 5:30 అయి, తేదీ సరిగానే కనిపించింది. జనవరిలో డాలస్ ఆ కాలానికి ఆరు గంటలు వెనక. అక్కడ అదే క్షణం 30వ తేదీ సాయంత్రం 6 గంటలు! పుట్టినరోజు, పరీక్ష తేదీ, పోటీ గడువు వంటివి క్షణాలు కావు, రోజులు. వాటిని రోజులుగానే దాచి, రోజులుగానే చూపించాలి. రైలు బయలుదేరే వేళ వంటివి క్షణాలు. వాటికి గంటలూ ఉండాలి, ఏ ఊరి గడియారమో కూడా ఉండాలి.

మరి సెకనులు లెక్కపెట్టే కంప్యూటర్లకు ఎప్పటికీ చిక్కు లేదా అంటే, ఒకటి ఉన్నది. పాత పద్ధతిలో ఆ అంకెకు 32 గళ్లు మాత్రమే ఇచ్చారు. అందులో పట్టే పెద్ద అంకె 214,74,83,647. ఆ అంకె 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకనులకు నిండుతుంది. ఆ మరుసటి సెకనుకు పాత యంత్రం 1901 డిసెంబరుకు పోయి పడుతుంది! అందుకని ఇప్పుడు 64 గళ్లు ఇస్తున్నారు. పాత యంత్రాలన్నీ అప్పటిలోగా మార్చాలి. మీలో కొందరు పెద్దవాళ్లయి ఆ పని చేస్తారేమో!

పోటీ ఏమయిందో చెప్పలేదు కదూ? ఏప్రిల్ 9న, ఉగాదినాడు, బహుమతులిచ్చారు. మా పిల్లకు బహుమతి రాలేదు. కాని రెండో బహుమతి వచ్చిన అబ్బాయి కథ 31వ తేదీ మధ్యాహ్నం ఇచ్చినదే. వాడు ఆ పన్నెండుమందిలో ఒకడు. వాడి పేరు పిలిచినప్పుడు అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టింది మా పిల్లే.

"మామయ్యా, నా రసీదు నేను పారేసి ఉంటే?" అన్నది ఇంటికి వస్తూ దారిలో.

నేనేమీ చెప్పలేదు. అది మాత్రం ఆ రసీదును ఇప్పటికీ తన లెక్కల పుస్తకంలో దాచుకున్నది.

ఇక మీ వంతు. ఈ మూడు లెక్కలూ చెయ్యండి:

1. ఒకాయన 1896 ఫిబ్రవరి 29న పుట్టాడు. ఆ తరవాత కాలెండరులో ఆయన మొట్టమొదటిసారి తన పుట్టిన తేదీని ఏ సంవత్సరంలో చూశాడు?

2. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 శుక్రవారం. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 జనవరి 26 ఏ వారం? కాలెండరు చూడకుండా, రోజులు లెక్కపెట్టి చెప్పాలి.

3. కంప్యూటర్ల సెకనుల లెక్క ప్రపంచ ప్రమాణ కాలం ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి సున్నా గంటలకు మొదలయింది. ఆ క్షణాన హైదరాబాదులో గడియారం ఎంత చూపింది?

జవాబులు: 1. 1904లో. 1900లో ఫిబ్రవరి 29 లేదు కనక ఎనిమిదేళ్లు ఆగవలసి వచ్చింది. 2. మధ్య 895 రోజులు. అంటే 127 వారాల 6 రోజులు. శుక్రవారానికి ఆరు రోజులు కలిపితే గురువారం. 3. పొద్దున 5:30.

వచ్చే నెల మరొక లెక్కతో కలుసుకుందాం.